నేరేడులంక మీద పోసిన మెరుపు

"టీచర్, ఇది అయిపోయినట్టేనా? ఇంకాస్త మెరుపు వెయ్యమంటారా?" అని అడిగింది నళిని.

ఆమె ముందు బల్ల మీద రెండడుగుల కాన్వాసు ఉంది. నల్లరంగు మీద పుట్టీ ముద్దతో ఉబ్బెత్తుగా తీర్చిన అరటాకులు, ఈనెల వెంట బంగారు పొడి. మూడు వారాలుగా దాన్నే పట్టుకు కూర్చుంది. గ్లిట్టర్ సీసా మూత తీసి చేతిలో సిద్ధంగానే ఉంది. కాకినాడలో కృపావతి టీచర్ ఇంటి ముందుగదిలో మంగళవారం, గురువారం మధ్యాహ్నాలు నలుగురైదుగురు ఆడవాళ్లు ఇలా చేరి బొమ్మలు నేర్చుకుంటారు. కృపావతి ముప్పై ఏళ్లు బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. ఆ రోజు వాన వల్ల మిగతావాళ్లు రాలేదు. ఆమె నళిని కాన్వాసును రెండు చేతులా ఎత్తి, కిటికీ వైపు తిప్పి చూసి, మళ్లీ బల్ల మీద పెట్టింది. బాగుందనీ అనలేదు, లేదనీ అనలేదు.

"నీకు హేమలత సంగతి ఎప్పుడూ చెప్పలేదు కదూ?" అంది.

ఆ మధ్యాహ్నం టీచర్ చెప్పినదీ, అంతకుముందు హేమలత ఆమె దగ్గర చెప్పుకున్నదీ కలిపితే జరిగింది ఇది.

హేమలత ఈ గదిలోనే, నళిని కంటే చాలా ముందు, బొమ్మలు నేర్చుకుంది. భర్తకు పోర్టులో ఉద్యోగం. ఒక్కగానొక్క కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పగలంతా ఆ మూడో అంతస్తు ఫ్లాటులో హేమలత, ఆమె అత్తగారు వీరరాఘవమ్మ, ఇద్దరే. వీరరాఘవమ్మకు చూపు లేదు. పుట్టుకతో వచ్చిన గుడ్డితనం కాదది. అప్పటికి ఆరేళ్ల కిందటిదాకా బియ్యంలో ఇసుక రేణువును కూడా ఏరగలిగిన కళ్లే. ఒకనాటి సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి, "దీపం చుట్టూ రంగుల చక్రంలా కనబడుతోందే" అంది కోడలితో. పొయ్యి మీద పోపు మాడిపోతోంది. హేమలత వెనక్కి తిరక్కుండానే, "శుక్లమై ఉంటుందత్తయ్యా. ముదిరాక తీయించాలంటారు" అంది. ఆ తరువాత ఆవిడ ఇంకో రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ అదే జవాబు వచ్చింది. మూడోసారి తరువాత చెప్పడం మానేసింది. ఎనిమిది నెలలు గడిచాక, గుమ్మం తగిలి పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు అది శుక్లం కాదు, నీటికాసులు, గ్లకోమా అన్నాడు. పోయిన చూపు తిరిగి రాదన్నాడు. మొదట్లోనే తెచ్చి ఉంటే ఉన్న చూపు నిలిచేదన్నాడు.

ఆ మాట అన్నప్పుడు అత్తాకోడళ్లిద్దరూ ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. వీరరాఘవమ్మ ఏమీ అనలేదు. అప్పుడే కాదు, ఇంటికి వచ్చాకా అనలేదు, కొడుకుతోనూ అనలేదు. ఆ అనకపోవడమే ఆ ఇంట్లో పెద్ద గోడై నిలబడింది. "ఇదిగో అమ్మాయ్, మంచినీళ్లు." "తీసుకోండి." "ఇదిగో అమ్మాయ్, ఫ్యాను." "వేశాను." రోజంతటికీ కలిపి ఇరవై మాటలుంటే గొప్ప. ఒక్కసారి నోరారా తిట్టినా బాగుండునని హేమలతకు అనిపించేది. తిడితే తాను ఏడవొచ్చు. ఏడిస్తే ఏదో ఒకటి తేలిపోతుంది. ఆవిడ తిట్టలేదు, ఈమె ఏడవలేదు. హేమలత బొమ్మల క్లాసులో చేరింది కూడా ఆ ఇంటి నుంచి వారానికి రెండు పూటలైనా తప్పించుకుందామనే.

ఒకనాడు ఇంట్లో భోజనాల బల్ల మీద మూడడుగుల కాన్వాసు పరిచింది. గోడలకు పూసే పుట్టీలో తెల్లజిగురు కలిపి గట్టి పెరుగులా చేసుకుని, చిన్న తాపీలాంటి కత్తితో అలలు తీర్చింది. సముద్రం వేద్దామని ఆమె ఉద్దేశం. చేతులు కడుక్కుని వచ్చేసరికి, నీళ్ల చెంబు కోసం తడుముకుంటూ వచ్చిన వీరరాఘవమ్మ చెయ్యి ఆ తడిముద్దలో దిగబడి ఉంది.

"అయ్యో, అత్తయ్యా!"

ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది. వేళ్లకంటినదాన్ని చీరకు తుడుచుకోవాలో వద్దో తెలియక అలాగే గాలిలో పట్టుకుని నిలబడింది. "సున్నమా అమ్మాయ్? ఏం పాడుచేశాను?"

"ఏం పాడవలేదులెండి. బొమ్మ అది. సర్దుకుంటాను," అని హేమలత ఆవిడ చెయ్యి పట్టుకుని సింకు దగ్గరికి తీసుకెళ్లి వేలూ వేలూ కడిగింది. అంతసేపు ఆ చెయ్యి పట్టుకోవడం ఆసుపత్రి నాటి నుంచి అదే మొదటిసారి. ఎందుకో ఆ పూట బొమ్మ సర్దబుద్ధి కాలేదు.

మర్నాటికి ముద్ద రాయిలా ఆరింది. ఆవిడ వేళ్లు గీసిన చాలు అలలన్నిటినీ అడ్డంగా కోసుకుంటూ పోయి ఒక మూల వంపు తిరిగింది. భోజనాలయ్యాక వీరరాఘవమ్మే అడిగింది. "ఆ సున్నం బొమ్మ ఆరిందా? ముట్టుకోవచ్చా?" హేమలత ఆవిడ చేతిని తెచ్చి కాన్వాసు మీద పెట్టింది. వేళ్లు కాసేపు అటూ ఇటూ తిరిగాయి.

"ఏం బొమ్మ ఇది?"

"సముద్రం అత్తయ్యా."

"సముద్రానికి ఇలాంటి మలుపెక్కడుంటుంది?" ఆవిడ చూపుడువేలు తన చాలునే పట్టుకుని మెల్లగా నడిచి, వంపు దగ్గర ఆగిపోయింది. "ఇది గోదారి పాయ. మా నేరేడులంక దగ్గర ఇలాగే తిరిగేది. ఇదిగో, రేవు ఇక్కడ. పడవ ఇక్కడే ఆగేది."

నేరేడులంక ఆవిడ పుట్టిల్లు. గోదారి రెండు పాయల మధ్య అరవై గడపల ఊరు. ఏటేటా వరదకు ఒక పక్క కోసుకుపోతూ, ఆవిడ కాపురానికి వచ్చిన పదిహేనో ఏటికి లంక మొత్తం నీళ్లలో కలిసిపోయింది. అన్నదమ్ములు గట్టు మీదకు వచ్చి తలోదారి అయ్యారు. వాళ్లూ ఇప్పుడు లేరు. ఫొటో అన్నది ఒక్కటి లేదు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆ ఊరి పేరు హేమలత వినడం అది రెండోసారో మూడోసారో.

"మరి ఇళ్లెటు అత్తయ్యా?" అని అడిగింది, ఊరికే, మాట కలిపితే ఇంకో మాట వస్తుందేమోనన్న ఆశతో.

ఆ మాటతో మొదలై నలభై రోజులు ఆ ఇంట్లో ఒక ఊరు లేచింది. అలలన్నీ గీకేసి హేమలత మళ్లీ మొదటినుంచీ ముద్ద వేసింది. వీరరాఘవమ్మ కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేది. ఆవిడ చెబుతుంటే ఈమె తీర్చేది. ఆరాక ఆవిడ తడిమి దిద్దించేది. ఏటిగట్టుకు ముద్ద రెండు వరసలు. ఇసక మేటకు జల్లించిన ఇసక. కొబ్బరి వరసలకు పీచు, అరటి చేలకు బొంబాయి రవ్వ, పశువుల సావిడికి చీపురు పుల్లలు. ఊరి చివర ఒంటి తాటిచెట్టు ఒకటి ఉండేదట. దానికోసం హేమలత ఒక అగ్గిపుల్ల నిలువుగా అతికించింది. ఆవిడ తడిమి, "ఇక్కడ కాదు. నా బొటనవేలంత పడమరకి జరుపు. పొద్దుగూకేటప్పుడు దీని నీడ సరిగ్గా మా గుమ్మంలో పడాలి" అంది. హేమలత పీకి జరిపింది. ఇంటి పక్కన వాళ్లమ్మ పిడకలు కొట్టే గోడ ఉండేదంటే, వేలెడంత గోడ కట్టి, తడి మీద చిటికెనవేలి కొసతో గుంటలు నొక్కింది. వీరరాఘవమ్మ ఆ గుంటలను ఒక్కొక్కటే లెక్కపెట్టినట్టు చాలాసేపు తడిమింది. తరువాత, "హేమా, ఆకలేస్తోందే" అంది. ఆరేళ్లుగా 'ఇదిగో అమ్మాయ్' అని తప్ప పిలవని మనిషి.

భర్త సాయంత్రం వచ్చి చూస్తే అత్తాకోడళ్ల చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉండేవి. "ఇదేం మేస్త్రీ పనే ఇద్దరికీ?" అని నవ్వేవాడు. వీరరాఘవమ్మ తన తల్లి కోపాలు చెప్పేది, తమ్ముడు ఈతకు పోయి దొరక్క ఊరంతా వెతికిన రోజు చెప్పేది, వరదకు కొట్టుకొచ్చిన దూలాలను తండ్రి తాళ్లేసి లాగిన సంగతి చెప్పేది. ఒకనాడు రేవు దగ్గర వేలు ఆపి, "నన్ను అత్తారింటికి పంపేటప్పుడు ఇక్కడే పడవెక్కాను. వెనక్కి తిరిగి చూడకే, పుట్టింటికి అరిష్టం అంది మా మేనత్త. చూడకుండా వచ్చేశాను. మళ్లీ పురుడికి వెళ్లేసరికి సగం ఊరు లేదు. ఆ రోజు ఒక్కసారి తిరిగి చూసుకోవాల్సింది" అంది.

హేమలత చేతిలో కత్తి ఆగిపోయింది. ఆరేళ్లుగా గొంతులో ఉన్నది నోటిదాకా వచ్చింది. "అత్తయ్యా, ఆ రంగుల చక్రాల సంగతి మీరు చెప్పినప్పుడు నేను..."

"ఇప్పుడెందుకమ్మా అది," అంది వీరరాఘవమ్మ, వేలు తియ్యకుండానే. "ఈ గట్టు కాస్త ఎత్తు పెంచు. మా ఊళ్లో గట్టు ఇంత పల్లంగా ఉంటే ఎప్పుడో పోయేవాళ్లం."

క్షమించానని ఆవిడ అనలేదు. కానీ హేమలత ఆ రాత్రి ఆరేళ్ల తరువాత కంటినిండా నిద్రపోయింది.

లంక పూర్తయింది. హేమలత దానికి పలచగా మట్టిరంగు, నీళ్లాకుపచ్చ పూసి హాల్లో గోడకు, అత్తగారి చేతికందే ఎత్తులో తగిలించింది. వీరరాఘవమ్మ పొద్దున లేచి పళ్లు తోముకుని కాఫీ తాగేలోపు ఒకసారి, మధ్యాహ్నం నడుం వాల్చబోయే ముందు ఒకసారి ఊరంతా తిరిగి వచ్చేది. రేవులో మొదలై, గట్టెక్కి, పిడకల గోడ పక్కనుంచి ఇంటికి. అలా పది రోజులు తిరిగింది. పదకొండో రోజున రామచంద్రపురం నుంచి ఆవిడ కూతురు వచ్చి, కొన్నాళ్లు ఉంచుకుంటానని ఆవిడను తీసుకెళ్లింది.

సరిగ్గా ఆ వారంలోనే కాలనీ మహిళా సంఘం వాళ్లు చేతిపనుల ప్రదర్శన పెట్టారు. కృపావతి టీచర్ తన శిష్యురాళ్ల ఇళ్లకు వెళ్లి ఎవరిది ఏది పెట్టాలో చూసి వచ్చింది. హేమలత ఇంటికి వెళ్లేసరికి మబ్బు పట్టి హాలు మసకగా ఉంది. బొమ్మ గోడకు మరీ కిందకు తగిలించి ఉండటం టీచర్‌కు వింతగా తోచింది గాని, ఎందుకని అడగలేదు. ఏ ఊరని అడగలేదు. ఆరడుగుల దూరం నుంచి నిలబడి చూసింది.

"టీచర్, అయిపోయినట్టేనా? ఇంకేమైనా వెయ్యాలా?" అని హేమలత అడిగింది.

"చెయ్యి బ్రహ్మాండంగా తిరిగింది. కానీ చూపు నిలవట్లేదు హేమా. అంతా మట్టిమట్టిగా ఉంది. గ్లిట్టర్ కలిపి రెసిన్ పొయ్యి. తళతళ మెరవాలి. నది కదా, నీరున్నట్టుండాలి," అంది కృపావతి.

హేమలత ఒక్క క్షణం తటపటాయించింది. ఇది మా అత్తయ్య ఊరు టీచర్, ఆవిడ దీన్ని చేత్తో చూస్తుంది, అని చెప్పాలనుకుంది. చెప్తే ఆరేళ్ల కథంతా చెప్పాలి. టీచర్‌ను కింద ఆటోవాడు పిలుస్తున్నాడు. చెప్పలేదు. అంతకంటే నిజమైన మాట, తరువాత ఆమె తనే ఒప్పుకున్నది ఇంకొకటి ఉంది. టీచర్ చేత ఆ 'బ్రహ్మాండం' అనిపించుకోవడం ఆమెకు అదే మొదటిసారి. ఇంకా అనిపించుకోవాలని ఉంది.

మొదట పాయలో మాత్రమే పోద్దామనుకుంది. ఆరితే గాజులా గట్టిపడే రెసిన్ సీసాలు రెండూ కలిపి, నీలం చుక్క వేసి, వెండి గ్లిట్టర్ చల్లి, బొమ్మను బల్ల మీద పడుకోబెట్టి పాయ వెంట పోసింది. కిటికీ వెలుతురు దాని మీద పడేసరికి ఒళ్లు పులకరించింది. నిజంగా గోదారి కదులుతున్నట్టే ఉంది. అంత మెరిసే నీటి పక్కన మట్టి వెలవెలపోయింది. మేట మీద కాస్త పోసింది. గట్టు మీద కాస్త. చేల మీద బంగారు పొడి. ఒక్కో చోట పోసేకొద్దీ పక్క చోటు బోసిగా కనబడింది. మర్నాటికి ఒక పోత గట్టిపడితే, ఎగుడుదిగుళ్లు ఇంకా తెలుస్తున్నాయని నాలుగంచులకూ అట్ట కట్టి రెండో పోత పోసింది. పైకి పొడుచుకొచ్చిన అగ్గిపుల్ల అడ్డమైతే కొస తుంచేసింది. బుడగలు రాకుండా జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడిగాలి కొట్టింది. అద్దం కింద బంగారు లంకలా తయారైంది. ప్రదర్శనలో జనం దాని చుట్టూ మూగారు. మొదటి బహుమతి దానికే వచ్చింది. కృపావతి టీచర్ అందరి ముందూ ఆమె భుజం తట్టింది.

ఫోనులో ఆ సంగతి విని వీరరాఘవమ్మ రామచంద్రపురంలో ఉండబట్టలేకపోయింది. "మా లంకకి ప్రైజు వచ్చిందంట" అని కూతురి వీధిలో అందరికీ చెప్పి, మర్నాడే మనవణ్ణి తోడు తీసుకుని బయలుదేరి వచ్చేసింది. లిఫ్టు దిగి, చెప్పులు విడిచి, మంచినీళ్లు కూడా తాగకుండా గోడ తడుముకుంటూ బొమ్మ దగ్గరికి నడిచింది. రేవు ఉండాల్సిన చోట చెయ్యి పెట్టింది.

"అద్దం బిగించావా హేమా? అద్దం తియ్యి, చూస్తాను."

హేమలతకు అప్పుడు తెలిసింది, తానేం చేసిందో. అంతవరకు ఒక్కసారైనా తట్టలేదంటే ఎవరూ నమ్మరు. ఆమే నమ్మలేకపోయింది. "అద్దం కాదత్తయ్యా," అంది.

వీరరాఘవమ్మ అరచెయ్యి ఈ అంచు నుంచి ఆ అంచుకు జారింది. ఎక్కడా ఆగలేదు. మళ్లీ పైనుంచి కిందికి తెచ్చింది. గోళ్లతో మెల్లగా గీరి చూసింది. గట్టిగా, నున్నగా, చల్లగా ఉంది.

"నీళ్లు ఎందాకా వచ్చాయే?" అని అడిగింది.

హేమలత ఆవిడ చెయ్యి పట్టుకోబోయి ఆగింది.

"తాటిచెట్టు కూడానా?"

"అత్తయ్యా, మెరుపు కోసమని... అందరూ చూస్తారని..."

"పోన్లే అమ్మా," అంది ఆవిడ, చెయ్యి దించుకుని. "అది ఎప్పుడో పోయిందేగా." తరువాత మనవడి భుజం పట్టుకుని లోపలికి వెళ్లి మంచం మీద కూర్చుంది.

ఆ సాయంత్రం హేమలత బొమ్మను దించి కత్తితో గీకింది. వేడిగాలి కొట్టి మెత్తబరిచి ఒలవాలని చూసింది. పిడకల గోడ దగ్గర ఒక పెచ్చు ఊడింది గాని, దానితోపాటు గోడ కూడా ఊడి వచ్చింది. ఇక ముట్టుకోలేదు. కొత్త కాన్వాసు తెచ్చి పన్నెండు రోజులు కూర్చుని, గుర్తున్నంతలో అదే లంకను మళ్లీ కట్టింది. కట్టేటప్పుడు తెలిసింది, తనకు ఊరు గుర్తులేదని. ముద్ద ఎక్కడ ఎంత వేసిందో గుర్తుంది. సావిడి గుమ్మం తూర్పుకా, ఉత్తరానికా? గట్టు మీంచి చేలోకి దిగే దారి రెండో కొబ్బరిచెట్టు దగ్గరా, మూడోదాని దగ్గరా? అవన్నీ ఆవిడ వేలికి తెలుసు, తన చేతికి తెలియవు. తయారయ్యాక ఆవిడ చేతిని తెచ్చి దాని మీద పెట్టింది.

వీరరాఘవమ్మ ఓపిగ్గా తడిమింది. "బాగుందమ్మా."

"తాటిచెట్టు సరిగ్గా ఉందా అత్తయ్యా?"

"ఉండే ఉంటుంది. నువ్వు పెట్టావుగా."

"లేకపోతే చెప్పండి, జరుపుతాను. మళ్లీ మొదటినుంచి చెప్పండి. ఎన్నాళ్లయినా సరే, నేను కడతాను."

ఆవిడ చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. "చెప్పాలనే ఉందే. అప్పుడు నువ్వు అడుగుతుంటే ఊరు నాకు ఎదురుగా కనబడేది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆ అద్దమే తగులుతోంది," అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. కాళ్లు నొప్పులున్నాయని చెప్పినట్టు చెప్పింది.

వీరరాఘవమ్మ ఆ తరువాత రెండేళ్లు బతికింది. ఇంట్లో మాటలకు లోటు రాలేదు. మందుల వేళలు, మనవరాలి చదువు, టీవీలో సీరియలు, అన్నీ మాట్లాడుకునేవారు. ఆవిడ మర్యాదగా మాట్లాడేది. హేమలత ఏది వండినా బాగుందనేది, ఏ చీర తెచ్చినా మెత్తగా ఉందనేది. ఆ మర్యాద హేమలతను పాత మౌనం కంటే ఎక్కువ కోసింది. గోడ దగ్గరికి మాత్రం ఆవిడ మళ్లీ వెళ్లలేదు. నేరేడులంక మాట మళ్లీ ఎత్తలేదు. చివరి రోజుల్లో జ్వరంలో ఒకసారి "పడవ వచ్చిందా?" అని అడిగిందట. వచ్చిందని చెప్పాలో, రాలేదని చెప్పాలో తెలియక హేమలత ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుందట.

కర్మకాండలయ్యాక హేమలత ఒక గురువారం కృపావతి టీచర్ ఇంటికి వచ్చింది. అందరూ వెళ్లిపోయేదాకా వెనక కుర్చీలో కూర్చుంది. "టీచర్, గట్టిపడిన రెసిన్ని కింది ముద్ద చెడకుండా తియ్యడానికి ఏదైనా మందుందా?" అని అడిగింది. లేదంది కృపావతి. ఎందుకని అప్పుడు అడిగింది. హేమలత మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ఎక్కడా టీచర్‌ను తప్పుపట్టలేదు. 'మీరు పొయ్యమన్నారు' అన్న ముక్క కథలో వచ్చినప్పుడు కూడా తల దించుకుని గబగబా దాటేసింది. లేచి వెళ్తూ ప్యాలెట్ కత్తి, మిగిలిన గ్లిట్టర్ సీసాలు బల్ల మీద పెట్టి, కొత్తగా చేరినవాళ్లకు ఇవ్వండి టీచర్ అంది. మళ్లీ క్లాసుకు రాలేదు.

కృపావతి చెప్పడం ఆపింది. బయట వాన సన్నగిల్లింది. నళిని చేతిలో సీసా అలాగే ఉంది. ఆమె దాన్ని ఎప్పుడు బల్ల మీద పెట్టిందో ఆమెకే తెలియదు.

"ఆ మెరిసే బొమ్మ ఇప్పుడెక్కడుంది టీచర్?"

"వాళ్ల హాల్లోనే. వాళ్లాయన తియ్యనివ్వలేదట, అమ్మ ఊరు కదా అని. వచ్చినవాళ్లందరూ దాని ముందు ఆగి మెచ్చుకుంటారు."

నళిని తన అరటాకుల వైపు చూసింది. ఎంతసేపు చూసినా ఏమీ తేలలేదు. "మరి నా బొమ్మ సంగతి మీరు చెప్పనేలేదు టీచర్. అయిపోయినట్టేనా, ఇంకా వెయ్యాలా?"

కృపావతి టీచర్ కళ్లద్దాలు తీసి పైటకొంగుతో తుడుచుకుంది.

"హేమలతకి చెప్పాను కదమ్మా," అంది. "అడగ్గానే చెప్పాను. ఎవరి కోసమని అడక్కుండానే."